సాయంత్రం ఐదు గంటల ఆకలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కాకినాడ. నాకు 41 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఎనిమిది వారాల కిందట 76 కిలోలు ఉండేదాన్ని. ఒక డైట్ సెంటర్‌లో చేరి, వాళ్ళిచ్చిన చార్టు పాటించి 72కి వచ్చాను. మూడు వారాలుగా ముల్లు కదలడం లేదు. చార్టులో ఓట్స్, కీన్వా, అవకాడో, బాదం పాలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎలాగో తెప్పించుకున్నాను, ఇక నావల్ల కాదు. ఇంట్లో మేం ఐదుగురం. వంట అత్తయ్యగారిది. నూనె తగ్గిస్తే కూరకి రుచి రాదంటారు. నెలకి ఆరు లీటరు ప్యాకెట్లు అవుతున్నాయి. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ. మధ్యాహ్నం మాత్రం చాలా కంట్రోల్‌లో ఉంటాను: ఒక డబ్బా కీరా ముక్కలు, ఒక పుల్కా, కొంచెం కూర. కానీ సాయంత్రం ఐదయ్యేసరికి బ్యాంకులో బజ్జీలు, పునుగులు తెప్పిస్తారు. వద్దంటూనే నాలుగు తినేస్తాను. రాత్రి పిల్లలు కంచంలో వదిలేసింది పారేయలేక అదీ నేనే తింటాను. శనివారం రాత్రి ఫలహారం. మా బ్రాంచిలో ఐదుగురం ఆడవాళ్ళం కలిసి బరువు తగ్గాలనుకుని, వాట్సాప్‌లో వంటలు, చిట్కాలు పంచుకుంటున్నాం. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయడం లేదు. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, క్యాబేజీ ముట్టుకోవద్దని ఒకరు పెట్టారు. మా ఇంటి వంటతోనే తగ్గే మార్గం చెప్పండి. సాయంత్రం ఏం తినాలో తప్పకుండా చెప్పండి.

జవాబు:

అమ్మా,

ముందు ఆ ముల్లు సంగతి చెప్పేసి వంటింట్లోకి వస్తాను. 76 నుంచి 72కి వచ్చారంటే మీ బరువులో 5 శాతం పైనే తగ్గింది. ఆ మాత్రానికే బీపీ, షుగర్ లాంటి వాటిలో మంచి తేడా కనిపించడం మొదలవుతుంది. మొదటి వారాల్లో పోయే బరువులో కొంత ఒంట్లోని నీరు. అందుకే ఆ వేగం ఎవరికీ చివరిదాకా నిలవదు. ఇక మీదట వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టే. రాత్రి అప్పడాలు, ఊరమిరపకాయలు, ఆవకాయ తిన్న మర్నాడూ, నెలసరి ముందు నాలుగు రోజులూ ముల్లు పైకే చూపిస్తుంది. అది కొవ్వు కాదు. ఉప్పు వల్లో, నెలసరి మార్పుల వల్లో ఒంట్లో నిలిచిన నీరు. కాబట్టి రోజూ ఎక్కి చూసుకోవడం మానేసి, వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు చూసుకోండి. నెలకోసారి టేపుతో నడుము కూడా కొలవండి. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలంటారు. బరువు ఆగిపోయిన నెలలో కూడా నడుము ఒక సెంటీమీటరు తగ్గవచ్చు.

ఇక అసలు విషయం. మీరు బజ్జీల దగ్గర తప్పు చేస్తున్నానని బాధపడుతున్నారు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు మధ్యాహ్నం డబ్బా మీద కోపం వచ్చింది. ఒక పుల్కా, కీరా ముక్కలు, కొంచెం కూర. అన్నీ కలిపినా 250 క్యాలరీలు దాటవు. అందులో మాంసకృత్తులు, అంటే మీరంతా ప్రొటీన్ అనేది, ఐదారు గ్రాములకి మించి ఉండదు. ఒంటి గంటన్నరకి అది తిని, కౌంటర్ దగ్గర మూడు గంటలు జనంతో మాట్లాడి, లెక్కలు సరిచూసిన మనిషికి ఐదింటికి వేడి బజ్జీల వాసన వస్తే చెయ్యి ఆగుతుందా? ఆగదు. ఎవరికీ ఆగదు. మీ మనసు గట్టిది కాదని అనుకోకండి. మీ కడుపు ఖాళీగా ఉంది, అంతే. మధ్యాహ్నం మిగుల్చుకున్న క్యాలరీలన్నిటినీ సాయంత్రం నాలుగు బజ్జీలు తిరిగి తెచ్చేస్తున్నాయి, అదీ నూనె రూపంలో.

అందుకని మొట్టమొదటి మార్పు మధ్యాహ్నం డబ్బాలో జరగాలి. అన్నం పెట్టుకోండి. అవును, అన్నమే. ఒక కప్పు, అంటే వండిన అన్నం సుమారు 150 గ్రాములు, దాదాపు 200 క్యాలరీలు. దానితో ఒక కప్పు గట్టి పప్పు, రెండు కప్పుల కూర, ఒక చిన్న డబ్బా పెరుగు. కీరా ముక్కలు మామూలుగానే ఉండనివ్వండి. ఈ భోజనం 500 పైచిలుకు క్యాలరీలు అవుతుంది. సాయంత్రం దాకా నిలబెడుతుంది.

మన భోజనం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బరువు తగ్గాలనుకునే తెలుగువాళ్ళందరికీ ఇక్కడే చిక్కు వస్తుంది. మన కంచంలో ప్రతి పదార్థానికీ విడిగా అన్నం కావాలి. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, పచ్చడిలోకి రెండు ముద్దలు, చారులోకి ఒకసారి, చివర పెరుగులోకి ఒకసారి. ఏ వాయీ ఎక్కువ అనిపించదు. ‘ఇంత పెట్టుకున్నాను’ అని చూపించే లోపలే ఐదు వాయిలు అయిపోతాయి. కీన్వా తెచ్చుకున్నా ఈ పద్ధతి మారకపోతే కీన్వా కూడా ఐదు వాయిలు తింటాం. కాబట్టి వాయిల సంఖ్య తగ్గించండి. అన్నం కంచంలో ఒక్కసారే పెట్టుకుని రెండు భాగాలు చేయండి. ఒకటి పప్పూ కూరా కలిపి తినడానికి, రెండోది పెరుగుకి. చారు గ్లాసులో పోసుకుని తాగేయండి. మిరియాల చారైనా, టమాటా చారైనా భోజనానికి ముందే ఒక గ్లాసు తాగితే ఆకలి కొంత నెమ్మదిస్తుంది. పచ్చడి వేలితో నంజుకోవడానికే తప్ప కలుపుకోవడానికి వద్దు. కూర మాత్రం అన్నం కంటే రెట్టింపు ఉండాలి. మొదటి వారం ఇది వింతగా ఉంటుంది, ‘ఉత్త కూర ఎలా తినడం’ అనిపిస్తుంది. కూరలో ఉప్పూ కారం కొంచెం తగ్గించి వండితే ఉత్తది తినడం తేలిక. మన కూరలు అంత కారంగా ఉండేదే అన్నంలో కలుపుకోవడం కోసం.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 క్యాలరీల రోజుకి ఒక లెక్క ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27 గ్రాములు. మీరు తగ్గాలి కనక 1400–1500 దగ్గర ఉంటే సరిపోతుంది. అప్పుడు కోత పడాల్సింది ధాన్యాలు, నూనె, గింజల మీద. ధాన్యాలు 150 గ్రాములకి, నూనె 20కి దిగాలి. పప్పులు, కూరగాయలు, పెరుగు తగ్గించకండి. మీరు ఇప్పటిదాకా చేసింది అన్నీ కలిపి తగ్గించడం. అందులో పప్పూ పోయింది.

చిరుధాన్యాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొర్రలు, సామలు, జొన్నలు మంచివే. పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ 100 గ్రాములు తూచి చూస్తే వాటికీ బియ్యానికీ క్యాలరీల్లో తేడా చాలా కొద్ది. కొర్రన్నం కాబట్టి ఎంతైనా తినొచ్చు అనుకుంటే మోసపోతాం. చక్కెర బదులు బెల్లం, తేనె అన్నదీ అంతే. రుచి కోసం వాడుకోండి, తగ్గుతామని మాత్రం వాడకండి. మీ టీల సంగతి రాయలేదు. రోజుకి మూడు టీలు, ఒక్కొక్క దాంట్లో రెండు చెంచాల చక్కెర అయితే వంద క్యాలరీల పైన అక్కడే ఉన్నాయి. వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక గొడవ పెట్టదు.

ఇప్పుడు మీ అత్తయ్యగారి దగ్గరికి వద్దాం. నెలకి ఆరు ప్యాకెట్లు అన్నారు. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉంటుంది, చూడండి. ఆరింటికి 5,460 గ్రాములు. ముప్ఫై రోజులకి, ఐదుగురికి పంచితే ఒక్కొక్కరికి రోజుకి 36 గ్రాములు. బయట తినే బజ్జీలు, ఇంట్లో వాడే నెయ్యి దీనికి అదనం. నాలుగు ప్యాకెట్లకి వస్తే తలా 24 గ్రాములు అవుతుంది. తేడా 12 గ్రాములే అనిపిస్తుంది గానీ, గ్రాము నూనెకి 9 క్యాలరీలు. అంటే మనిషికి రోజూ వందకి పైనే. మీ ఒక్కరికే కాదు, మీ వారికీ, పిల్లలకీ, ఆవిడకీ కూడా మంచిది.

కానీ ‘నూనె తగ్గించండి అత్తయ్యా’ అని ఆవిడతో అనకండి. నలభై, యాభై ఏళ్ళుగా ఆ చేత్తో వండి పెట్టిన మనిషికి ఆ మాట వంట బాగాలేదన్నట్టు వినిపిస్తుంది. దానికి బదులు ఆవిడ చేతి వంటల్లోంచే అడగండి. గోదావరి జిల్లాల ఇళ్ళలో తక్కువ నూనెతో అయ్యే వంటలు ఎన్నో ఉన్నాయి. వేపుళ్ళ మోజులో అవి వెనక్కి వెళ్ళాయి. అరటికాయ ఆవ పెట్టిన కూర అడగండి. సొరకాయ, ఆనపకాయ అని మీరు ఏదంటారో, దాన్ని పాలు పోసి వండమనండి. ముక్కల పులుసు, మజ్జిగ పులుసు, తోటకూర పులుసుకూర, పొట్లకాయ పెసరపప్పు కూర, బీరకాయ పొట్టు పచ్చడి. వీటన్నిటికీ రుచి ఆవపిండి నుంచి, చింతపండు నుంచి, పోపు వాసన నుంచి వస్తుంది. రెండు చెంచాల నూనె పోపుకి చాలు. గోరుచిక్కుడుకాయ పాటోళి అయితే శనగపప్పు కూడా చేరుతుంది కనక మీకు కావలసిన మాంసకృత్తులు కూడా అందులోనే వస్తాయి. పాటోళి పొడిపొడిగా రావాలంటే నూనె ఎక్కువ పడుతుందని ఆవిడ అనవచ్చు, అది నిజమే. రుబ్బిన పప్పుని ముందు ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిదిమి పోపులో వేస్తే సగం నూనెతో పొడిగా వస్తుంది. ఈ ఉపాయం ఆవిడకి ముందే తెలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

దొండకాయ, బెండకాయ వేపుళ్ళు పిల్లలు వదలరు. వాటిని పూర్తిగా మాన్పించే పని పెట్టుకోవద్దు. దొండకాయని ఆవిరి మీద ముప్పాతిక ఉడికించి, అడుగు మందంగా ఉన్న మూకుడులో మూడు చెంచాల నూనెతో పావుగంట సన్నసెగ మీద వేయించి, దించే ముందు వేయించిన శనగపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర కలిపి కొట్టిన పొడి చల్లితే, పప్పుల పొడి నూనెని పీల్చుకుని ముక్కకి పట్టుకుంటుంది. పళ్ళెంలో నూనె మిగలదు. నెల మొదట్లో నాలుగు ప్యాకెట్లే కొని, ‘ఈ నెల వీటితో సరిపెట్టగలమేమో చూద్దాం అత్తయ్యా’ అంటే ఆ లెక్క ఆవిడే చూసుకుంటారు. ఇంటి సరుకుల లెక్క మనకంటే పెద్దవాళ్ళే బాగా పట్టుకుంటారు.

పొద్దున ఇడ్లీలు మంచివే. మీరు చూడనిది ఆ పల్లీ చట్నీ. ఇడ్లీకి నూనె లేదు, కానీ ముప్ఫై గ్రాముల పల్లీలకి 170 క్యాలరీలు. పల్లీలతోపాటు కొబ్బరి, పైన పోపు. నాలుగు ఇడ్లీలకి చట్నీ రెండుసార్లు వడ్డించుకుంటే చట్నీయే పెద్ద టిఫిన్ అవుతుంది. మూడు ఇడ్లీలు, ఒక పెద్ద గిన్నెడు కూరగాయ ముక్కల సాంబారు, చట్నీ ఒక్క చెంచాడు పెట్టుకోండి. వారంలో రెండు రోజులు ఆవిరి కుడుము చేయమనండి. మినప్పిండిని గుడ్డలో వేసి ఆవిరి మీద ఉడికించే ఆ కుడుముకి బియ్యపు రవ్వ అక్కర్లేదు, చుక్క నూనె అక్కర్లేదు. అల్లప్పచ్చడి కొంచెం చాలు. రెండు ముక్కలు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. పెసరట్టు కూడా అంతే మంచిది, దాని కడుపులో ఉప్మా పెట్టకుండా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం చల్లి అట్టుకి ఒక చెంచా నూనెతో కాలిస్తే. దిబ్బరొట్టె మాత్రం కాలేటప్పుడు ఎంత నూనె తాగుతుందో మీకే తెలుసు. అది ఆదివారానికి ఉంచండి, ఒక ముక్క తినండి.

సాయంత్రం దగ్గరికి వచ్చాం. మీరు అడిగింది ఇదే, నాకు చెప్పాలని ఉన్నదీ ఇదే.

మీరు ఐదుగురు. బ్యాంకుకి పని రోజులు వారానికి ఐదో ఆరో. మీలో ప్రతి ఒక్కరూ ఒక్కో రోజు ఐదుగురికి సరిపడా చిరుతిండి ఇంటి నుంచి తెస్తే, ఎవరికైనా వారానికి ఒకటో రెండో రోజులే పని. వాట్సాప్‌లో ఫొటోలు పంచుకోవడం కంటే డబ్బా పంచుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. నా దగ్గరికి సలహాకి వచ్చేవాళ్ళలో ఒంటరిగా డబ్బా తెచ్చుకునేవాళ్ళు పది రోజులకే మానేయడం, కలిసి తినేవాళ్ళు నెలల తరబడి నిలబడటం చూశాను. పక్కన నలుగురు బజ్జీ తింటుంటే ఒక్కరే జామకాయ కొరుక్కోవడం చాలా కష్టం. ఐదుగురూ ఒకే డబ్బా చుట్టూ చేరితే బజ్జీల పొట్లం వాళ్ళే కాస్త పక్కవాళ్ళవుతారు. ఇంకో సంగతి, టైము. బజ్జీలు ఐదింటికి వస్తే మీ డబ్బా నాలుగుంబావుకే తెరవాలి. ఆకలి ముదరకముందే తింటే కొంచెంతో తీరుతుంది.

ఏమేం తేవచ్చు? సోమవారం నల్ల శనగల గుగ్గిళ్ళు. అవి ఎలా చేయాలో చివర చెబుతాను. ఇంకో రోజు పిడతకింద పప్పు పద్ధతిలో మరమరాలు. ఐదుగురికి వంద గ్రాముల మరమరాలు, రెండు గుప్పిళ్ళ వేయించిన శనగపప్పు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమామిడి ఉన్న రోజుల్లో మామిడి తురుము, కొత్తిమీర, నిమ్మరసం. నూనె వద్దు, కారప్పూస వద్దు. మరమరాలు విడిగా, ముక్కలు విడిగా తెచ్చి అప్పటికప్పుడు కలపాలి, లేకపోతే మెత్తబడిపోతాయి. ఉత్త మరమరాలు తింటే మాత్రం గంటలో మళ్ళీ ఆకలేస్తుంది, ఆ శనగపప్పే నిలబెట్టేది. బుధవారం ఉడికించిన గుడ్లు, మిరియాల పొడి చల్లి. ఒక్క గుడ్డుకి 70 చిల్లర క్యాలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు. మనిషికి రెండు తిన్నా తప్పు లేదు. గురువారం, శనివారం గుడ్డు తినని వాళ్ళు ఉంటారు కనక ఆ రోజులకి వడపప్పు పెట్టుకోండి. శ్రీరామనవమి లాంటి పండగలకే చేసుకుంటాం గానీ, నానిన పెసరపప్పులో కీరా ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మకాయ పిండితే అంత చల్లని చిరుతిండి మరొకటి లేదు. వేసవిలో ఉదయం నానబెట్టి తెస్తే సాయంత్రానికి పులిసిపోతుంది. నీళ్ళు వంపేసిన పప్పుని బ్రాంచిలో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే ఎండల్లో ఇది వద్దు. ఒక రోజు కాలానికి దొరికే పండు. జామకాయ ఉప్పూకారంతో, బొప్పాయి, చక్రకేళి ఒక్కటి. ఏప్రిల్, మే నెలల్లో ముంజెలు. సంక్రాంతి రోజుల్లో తేగలు. ఉడికించిన తేగ ఒకటి నమిలి తినడానికే పావుగంట పడుతుంది, అంతసేపు నోటికి పని ఉండటమే మేలు. పండు తిన్న రోజు దానితో పది పదిహేను పల్లీ గింజలు తినండి. గింజలు లెక్కపెట్టి పొట్లం కట్టుకోండి. డబ్బా ముందు పెట్టుకుని మాట్లాడుతూ పల్లీలు తినడం మొదలుపెడితే చెయ్యి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

పలచని మజ్జిగ, అల్లం, కరివేపాకు, చిటికెడు ఉప్పుతో, ప్రతి రోజూ ఉండవచ్చు. ఆరోగ్యం పేరు పెట్టి అమ్మే బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ చిప్స్ వద్దు. వాటిలో కూడా పిండి, నూనె, చక్కెరే ఉంటాయి. పైన రాసిన పేరు చూసి రెండు ఎక్కువ తింటాం.

బజ్జీలు పూర్తిగా మానేయమని నేను అనను. నెలకి రెండుసార్లు, మీ ఐదుగురూ ఒక రోజు అనుకుని, వేడి మిరపకాయ బజ్జీ ఒకటి కోసి, ఉల్లిపాయ, నిమ్మకాయతో కూర్చుని తినండి. ముందు గుగ్గిళ్ళు తిని తర్వాత తినండి. కాకినాడలో ఉండి కాజా తినొద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పండక్కి ఇంటికి వచ్చిన గొట్టం కాజా ఒకటి, భోజనం అయ్యాక తినండి. ఖాళీ కడుపుతో తీపి మొదలుపెడితే ఒకటితో ఆగడం కష్టం.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు అయిపోతే మంచిది. సాయంత్రం సరిగ్గా తిన్నారు కనక రాత్రి తక్కువతో సరిపోతుంది. ఒక జొన్నరొట్టె, కప్పుడు పప్పు, కూర. లేదా రెండు పెసరట్లు. మీరు చేప తింటారో లేదో రాయలేదు, తినేట్టయితే వారానికి రెండు రాత్రులు చేపల పులుసు పెట్టుకోండి. కానాగంతలు చవకగా దొరుకుతాయి, వేపుడు కంటే పులుసు మేలు. పులుసులో పైన తేలిన నూనె గరిటెతో పక్కకి తీసేసి వడ్డించుకోవచ్చు.

పిల్లలు వదిలేసిన అన్నం సంగతి. ఇది రాసేటప్పుడు మీరు సిగ్గుపడినట్టు అనిపించింది. సిగ్గెందుకమ్మా? అన్నం పారేయకూడదని నేర్చుకుని పెరిగాం. కానీ ఆ నాలుగు ముద్దలు రోజూ మీ ఒంట్లోకి వెళ్ళడం కూడా అన్నానికి గౌరవమేమీ కాదు. పిల్లలకి మొదట సగమే వడ్డించి, అయ్యాక మళ్ళీ అడిగితే పెట్టండి. కంచంలోకి రాని అన్నం గిన్నెలోనే శుభ్రంగా ఉంటుంది, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పెరుగన్నం కలుపుకోవచ్చు. మీరు పిల్లల కంటే ముందుగానీ, వాళ్ళతోపాటుగానీ తినేసి చెయ్యి కడిగేసుకోండి. అందరూ తిన్నాక చివర్లో కూర్చునే అలవాటు ఉన్న ఆడవాళ్ళకే ఈ మిగులు తిండి ఎక్కువ.

శనివారం ఫలహారం అంటే పూరీలు, రవ్వదోసెలు అయిపోతోంది చాలా ఇళ్ళలో. అన్నం మానిన రాత్రి అన్నం రోజుకంటే ఎక్కువ నూనె తింటున్నాం. ఆవిరి కుడుము, లేదా సగానికి సగం కూరగాయ ముక్కలు వేసిన గోధుమరవ్వ ఉప్మా చేసుకుంటే మీ నియమమూ నిలుస్తుంది, తగ్గడమూ ఆగదు.

థైరాయిడ్ మాత్ర గురించి జాగ్రత్తగా చదవండి. పొద్దున పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, టీ కాఫీలకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి, లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటపట్టదు. ఉడికించిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా మనం తినేంత తింటే ఏమీ కాదు, నిశ్చింతగా వండుకోండి. థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి ఆరు నెలలు దాటితే ఒకసారి చేయించి డాక్టరుగారికి చూపించండి. బరువు ఆగిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు, బరువు తగ్గాక మాత్ర మోతాదు మార్చాల్సి రావడమూ ఉంటుంది.

మీ ఐదుగురి గ్రూపు గురించి నాకు చాలా సంతోషంగా ఉంది, అందుకే రెండు మూడు మాటలు గట్టిగా చెబుతున్నాను. వంట పంచుకునేటప్పుడు ఎంతమందికి చేశారో, నూనె ఎన్ని చెంచాలో తప్పకుండా రాయండి. ‘కొంచెం నూనె’ అంటే ఒకరికి చెంచా, ఇంకొకరికి గరిటె. తిన్నాక ఎన్ని గంటలకి మళ్ళీ ఆకలేసిందో కూడా రాయండి. చిరుతిండి మంచిదో కాదో తేల్చేది ఆ ఒక్క వివరమే. ఎవరు ఎన్ని కిలోలు తగ్గారో మాత్రం గ్రూపులో పెట్టుకోకండి. తగ్గని వారం ఉన్నవాళ్ళు చిన్నబోయి నెమ్మదిగా దూరమవుతారు. మీలో ఎవరైనా షుగర్‌కో, బీపీకో మాత్రలు వాడుతుంటే, వాళ్ళు డాక్టరుని అడగకుండా భోజనం తగ్గించకూడదు, పూట మానకూడదు. షుగర్ మాత్ర వేసుకుని పూట మానేస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఒకరి చార్టు ఇంకొకరు ఎత్తి రాసుకోవద్దు. గుగ్గిళ్ళు మాత్రం అందరూ తినొచ్చు.

అవి ఎలాగంటే, ఆదివారం రాత్రి ఐదుగురికి 200 గ్రాముల నల్ల శనగలు నానబెట్టండి. పొద్దున ఉప్పు వేసి కుక్కర్లో ఐదారు కూతలు రానిచ్చి, నీళ్ళు వంపేయండి. ఆ నీళ్ళు పారబోయకండి, మధ్యాహ్నం చారులోకి బాగుంటాయి. మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. శనగలు వేసి తడి ఆరేదాకా కలిపి, దించాక నిమ్మకాయ పిండండి. మనిషికి అరకప్పు పైనే వస్తుంది. శనగలకి 150 లోపు, నూనెతో కలిపితే 165 క్యాలరీల దగ్గర, 8 గ్రాముల దాకా మాంసకృత్తులు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు బ్రాంచిలో తినేముందు కలపండి. కొబ్బరి తురుము వేయకపోతే గుగ్గిళ్ళేమిటని మీ అత్తయ్యగారు అంటే, వేయమనండి, ఐదుగురికీ కలిపి రెండు చెంచాలు.